అమ్మ తలలో తెల్ల మచ్చలు



మన ఉద్దానం ఊళ్ళలోకి ఈ మధ్య ఒక కొత్త కాగితము వస్తున్నది. ఒకప్పుడు ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మందుబిళ్ళల పొట్లముతో తిరిగి వచ్చేవాడు. తరువాత ఎక్స్‌రే ఫిల్ములు వచ్చాయి. మూత్రపిండముల వ్యాధి మన ప్రాంతమును పట్టుకొన్నప్పటి నుండి రక్తపరీక్ష కాగితములు వచ్చాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో బడి ముఖము చూడని ముసలమ్మకు కూడా 'క్రియాటినిన్' అనే మాట నోరు తిరుగుతుంది. ఇప్పుడు తలకు తీసిన ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, వాటి వెంట ఇంగ్లీషులో ఒక పుట రిపోర్టు వస్తున్నాయి. ఆ రిపోర్టులో పెద్దవాళ్ళ విషయములో తరచుగా కనబడే మాట 'వైట్ మేటర్ చేంజెస్'. ఈ మూడు మాటలు ఒక ఇంటిలో ఎంత అలజడి పుట్టించగలవో మేము కళ్ళారా చూచాము గనుక, మరొక ఇంటివారికి ఉపయోగపడునేమోనని ఇది వ్రాస్తున్నాము.

మేమనగా భార్యాభర్తలము. మాలో ఒకరము ఎలిమెంటరీ బడిలో పాఠములు చెప్పినవారము, మరొకరము ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో నర్సుగా పనిచేసినవారము. ఇద్దరమూ రిటైరై, పలాసకూ సముద్రానికీ నడుమనున్న ఒక చిన్న ఊరిలో కొద్దిపాటి జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు చూచుకొంటూ ఉన్నాము. మా ఇంటికి పెద్ద అమ్మ. ఆమె మాలో ఒకరికి కన్నతల్లి, మరొకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మ అనే పిలుస్తాము. వయస్సు ఎనభై దాటింది. పలాస జీడి ఫ్యాక్టరీలలో చాలా ఏళ్ళు పిక్కలు ఒలిచి పిల్లలను పెంచింది. ఆ జీడినూనెకు కాలిన గుర్తులు నేటికీ వేళ్ళ మీద ఉన్నాయి. పుట్టినిల్లు ఇచ్ఛాపురం అవతల ఒడిశా ఊరు గనుక ఆమెకు ఒడియా పుట్టింటి మాట, తెలుగు మెట్టినింటి మాట. సంతలో ఎదుటివారు ఏ భాషలో బేరమాడితే ఆ భాషలో జవాబు చెబుతుంది.

రెండేళ్ళ క్రిందట వానాకాలములో అమ్మకు కళ్ళు తిరగడము మొదలైనది. పడక మీద ప్రక్కకు ఒత్తిగిలినా, తల ఎత్తి కొబ్బరి గెలల వైపు చూచినా ఇల్లంతా గిరగిర తిరిగినట్లుండేది. ఒకనాడు నూతి గట్టు దగ్గర పడబోయింది. విశాఖపట్నము తీసుకొని వెళ్ళి చూపించగా, వయస్సును బట్టి తలకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. తీయించాము. ఫిల్ములు, రిపోర్టు ఆ సాయంత్రమే చేతికి వచ్చాయి. నరాల వైద్యుణ్ణి కలుసుకొనడానికి నాలుగు రోజుల తరువాత సమయము ఇచ్చారు. అమ్మను రైలెక్కించి ఇంటికి తెచ్చుకొన్నాము.

ఆ నాలుగు రోజులు

రిపోర్టు ఇంటికి వచ్చినదని తెలిసి బంధువులు వచ్చారు. ఇంగ్లీషు చదువుకొన్న ఒక కుర్రవాడు దానిని చదివి, మెదడు తెల్లబడిపోయినదని చెప్పాడు. ఊరిలో సూదిమందు వేసే ఒకాయన ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, నరాలు ఎండిపోతున్నాయి, ఇక క్రమముగా మతి పోవడమే మిగిలినదన్నాడు. వారిలో ఎవరికీ చెడు ఉద్దేశము లేదు. తెలిసినంతలో చెప్పారు. కాని ఆ మాట సాయంత్రానికి వీధి చివరకు పోయింది.

మరునాటి నుండి అమ్మ విషయములో ఇల్లు మారిపోయింది. ఆమె బొడ్డున దోపుకొనే తాళాల గుత్తిని చూచిపోవడానికి వచ్చిన కూతురు మెల్లగా తీసి దాచింది. పొయ్యి దగ్గరకు వెళ్ళబోతే "నీకెందుకే అమ్మా, కూకో" అని ఆపారు. ఆమె ఎదుటనే ఆమెను గురించి, అక్కడ లేని మనిషిని గురించి మాట్లాడినట్లు మాట్లాడడము మొదలుపెట్టారు. మూడవ రోజున అమ్మకు మరిది వరుసయ్యే ఒక పెద్దమనిషి కాగితములు వ్రాసే ఆయనను వెంటబెట్టుకొని వచ్చాడు. అమ్మ పేరున ముప్పది సెంట్ల కొబ్బరితోట ఉన్నది. "వదినకి మతి ఉన్నప్పుడే ఏలిముద్ర ఏయించీయాల. రేపు పనికిరాదు" అన్నాడు.

వైద్యుడు చూడకుండా ఏ కాగితమూ కదలడానికి వీలులేదని మేము అడ్డు చెప్పాము. ఆ మాట అనడానికి మాకు ధైర్యమిచ్చినది ఆ రిపోర్టులోని చిట్టచివరి పంక్తియే. దానిని అందరూ వదిలివేశారు. దాని సంగతి తరువాత చెబుతాము.

ఆ రాత్రి అమ్మ మా ఇద్దరినీ పిలిచి, "ఓలమ్మ, నా బుర్ర తెల్లబడిపోనాదంట గదా! మరైతే నేనిలా ఎలా మాటాడతన్నాను?" అని అడిగింది. పాఠకులారా, ఆ ప్రశ్న చాలా సరియైన ప్రశ్న. ఆ ఫిల్మును చూచిన వారిలో ఒక్కరికి కూడా అది తోచలేదు.

తెల్ల పదార్థమనగా ఏమి?

నాలుగవ రోజున నరాల వైద్యుడు ఫిల్ములను వెలుగుపెట్టె మీద పెట్టి మాకు ఓపికగా వివరించారు. తరువాత మేము చదివి తెలిసికొన్న సంగతులు కూడా కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

మన మెదడులో రెండు విధముల పదార్థమున్నది. పైపొరలోను, లోపల కొన్ని ముద్దలలోను బూడిదరంగు పదార్థము ఉంటుంది. ఆలోచన, జ్ఞాపకము, కదలిక మొదలైన పనులు జరిగే కణములు అక్కడ ఉంటాయి. ఆ కణములను ఒకదానితో ఒకటి కలిపే సన్నని తీగల కట్టలే తెల్ల పదార్థము. ప్రతి తీగ చుట్టూ కరెంటు తీగకు తొడుగు ఉన్నట్లు క్రొవ్వుతో కూడిన తొడుగు ఉంటుంది. ఆ క్రొవ్వు వలన అది తెల్లగా కనబడుతుంది గనుక ఆ పేరు వచ్చింది. అనగా తెల్ల పదార్థము అందరి తలలోను పుట్టుకతోనే ఉన్నది. 'వైట్ మేటర్' అనే మాట రిపోర్టులో చూచి మెదడు తెల్లబడినదని అనుకొనడము సరి కాదు.

ఫిల్ములో కనబడే తెలుపు వేరే తెలుపు. ఎం.ఆర్.ఐ. యంత్రము పెద్ద అయస్కాంతము. అది ముఖ్యముగా మన ఒంటిలోని నీటి నుండి వచ్చే సంకేతములతో బొమ్మ తయారుచేస్తుంది. ఆ బొమ్మలలో 'ఫ్లెయిర్' అనేది ఒక రకము. దానిని 1992లో మొదటిసారి వివరించారు. మెదడు గదులలో స్వేచ్ఛగా కదిలే నీటిని ఆ బొమ్మ నల్లగా చేసివేస్తుంది. పదార్థము లోపల నీరు ఉండవలసినదానికంటె కొంచెము ఎక్కువ చేరిన చోటు మాత్రము తెల్లగా మెరుస్తుంది. తీగల తొడుగు పలుచబడినా, సన్నని రక్తనాళములు గట్టిపడి అక్కడికి రక్తము చాలకపోయినా, పాత గాయము మానినా, వాపు వచ్చినా ఆ చోట నీటి పాలు పెరుగుతుంది. అందుచేత ఆ తెల్లచుక్క ఇక్కడ ఏదో మారినదని చెబుతుంది గాని, ఎందువలన మారినదో అది ఒక్కటే చెప్పలేదు.

ఈ సంగతి పెద్ద వైద్యులు మొదటి నుండి ఎరిగినదే. 1987లో కెనడా దేశపు నరాల వైద్యుడు వ్లాదిమిర్ హాచిన్‌స్కీ, ఆయనతో పనిచేసినవారు ఈ మార్పునకు 'ల్యూకోఅరయోసిస్' అని గ్రీకు మాటలతో పేరు పెట్టారు. తెల్ల పదార్థము పలుచబడుట అని మాత్రమే దాని అర్థము. కారణమేదో తేలకముందే వ్యాధి పేరు తగిలించకూడదని అట్టి పేరు ఎంచుకొన్నారు.

తీగలు దెబ్బతింటే ఏమగునో మన ప్రాంతము వారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటిన తరువాత ఎన్నో ఇళ్ళు నిలిచేయున్నవి. వీధి స్తంభములు పడిపోయి దీపములు వెలుగలేదు. ఒకటి రెండు తీగలు తెగితే వేరొక దారిని కరెంటు ఇచ్చుకొనవచ్చును. స్తంభముల వరుసలు వరుసలుగా పడినప్పుడే ఊరు చీకటి అవుతుంది. మెదడు తెల్ల పదార్థములోను అంతే. ఎన్ని చోట్ల, ఎంత మేర, ఏ దారిలో అన్నదే ముఖ్యము.

రిపోర్టును వైద్యులు ఎట్లు చదువుతారు?

మొదట వారు చూచేది వయస్సు. నెదర్లాండ్స్ దేశములో 60 నుండి 90 ఏళ్ళ వయస్సు గల 1,077 మందికి తల ఎం.ఆర్.ఐ. తీసి చూచారు. ఒక్క తెల్లచుక్క కూడా లేనివారు నూటికి 5గురు మాత్రమే. ఆ ఫలితములు 2001లో వెలువడినవి. కనుక పెద్ద వయస్సు వారిలో కొద్దిపాటి చుక్కలు తల నెరిసినంత సామాన్యము. అదే తెలుపు ఇరవై ఏళ్ళ బిడ్డలో కనబడితే వైద్యుడు వేరుగా ఆలోచిస్తాడు. పార్శ్వపు తలనొప్పి ఉన్నవారిలో చుక్కలు ఉండవచ్చును. బి-12 విటమిను లోపము వలన, కొన్ని అంటురోగముల వలన, తీగల తొడుగును ఒంటి రక్షణశక్తియే తినివేసే 'మల్టిపుల్ స్క్లిరోసిస్' అనే వ్యాధి వలన కూడా తెలుపు రావచ్చును.

రెండవది చోటు, ఆకారము. మెదడు గదుల అంచున సన్నని గీతగా ఉన్నదా, లోతుగా చుక్కలు చుక్కలుగా ఉన్నదా, రెండు ప్రక్కలా సమముగా ఉన్నదా, ఒకే ప్రక్కన ముద్దగా ఉన్నదా అని చూస్తారు. క్రొత్తగా వచ్చిన పక్షవాతపు దెబ్బ 'డిఫ్యూజన్' అనే వేరొక బొమ్మలో మెరుస్తుంది. అందులో మెరుపు లేదంటే ఈ తెలుపు పాతదని చాలావరకు తేలుతుంది.

మూడవది కొలత. ఫ్రాంజ్ ఫాజెకస్ అనే ఆస్ట్రియా దేశపు వైద్యుడు, ఆయనతో కూడినవారు 1987లో ఒక సులభమైన కొలత ఇచ్చారు. ఏమీ లేకపోతే 0. విడివిడి చుక్కలైతే 1. చుక్కలు ఒకదానితో ఒకటి కలియడము మొదలుపెడితే 2. కలిసిపోయి పెద్ద మడుగులుగా అయితే 3. రిపోర్టులో 'ఫాజెకస్ గ్రేడ్ 1' అని ఉంటే అది బడి పిల్లల మార్కు కాదు, ఎక్కువైతే మంచిదనుకొనరాదు. అట్లని 1ని చూచి మొదటి దశ వ్యాధి అని బెదరను కూడా బెదరరాదు.

ఆ ఇంగ్లీషు పుటలో మరికొన్ని మాటలు వస్తాయి. 'నాన్-స్పెసిఫిక్' అనగా ఇది ఫలానా వ్యాధియే అని చెప్పడానికి గుర్తులు లేవని. 'ఏజ్ రిలేటెడ్' అనగా వయస్సుతో వచ్చినది కావచ్చునని. 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్' అనే పొడుగాటి మాటకు సన్నని రక్తనాళములలో ఎన్నో ఏళ్ళుగా రక్తము కొంచెము తగ్గుతూ వచ్చినదని అర్థము. మేము ముందు చెప్పిన చివరి పంక్తి 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్'. అనగా, మేము ఫిల్మును మాత్రమే చూచాము, మీరు మనిషిని చూచి దీనితో సరిపోల్చుకొనండి అని ఫిల్ము చదివిన వైద్యుడు రెండవ వైద్యునికి వ్రాసిన వినతి. ఊరంతా ఆ పుటను తీర్పు కాగితమువలె చదివింది. ఆ పుట తానే, నేను తీర్పు కాదని క్రింద వ్రాసుకొన్నది.

మచ్చను ఒక్క చూపుతో తేల్చరాదని మన ఇళ్ళలో చదువుకొనే లేవీయకాండము 13వ అధ్యాయము కూడా గుర్తుచేస్తుంది. అది చర్మపు మచ్చల సంగతి, దీనితో సంబంధము లేదు. కాని తెల్ల మచ్చ కనబడినప్పుడు ఏడు దినములు ఆగి మరల చూడుమనే ఆ క్రమము మాత్రము మంచి క్రమమే.

మనిషిని చూచినప్పుడు

వైద్యుడు ఆ సరిపోల్చే పని మా ఎదుటనే చేశారు. ఫిల్మును ప్రక్కన పెట్టి అమ్మను మాట్లాడించారు. నిన్న ఏ వారము, ఇంటిలో ఎందరున్నారు అని అడిగారు. కొబ్బరికాయ, పడవ, ఆవు అని మూడు మాటలు చెప్పి, కాసేపు ఆగి తిరిగి అడిగితే మూడూ చెప్పింది. నూరులో నుండి ఏడేడు తీసివేస్తూ పొమ్మంటే తెల్లబోయింది. వైద్యుడు నవ్వి, "సరే అమ్మా, కిలో పిక్కలు ఇంతయితే మూడున్నర కిలోలకు ఎంత?" అన్నారు. లెక్క ఆయనకంటె ముందు చెప్పింది. చదువుకొననివారికి చదువుకొన్నవారి పరీక్ష పెట్టకూడదని ఆయన అన్న మాట మాకు మిక్కిలి నచ్చింది. తరువాత నడిపించారు, చేతులు కాళ్ళు బలము చూచారు, వ్రేలితో ముక్కు ముట్టుకోమన్నారు.

చివరకు అమ్మను బల్ల మీద కూర్చుండబెట్టి, తలను ఒక ప్రక్కకు త్రిప్పి గబుక్కున వెనుకకు పడుకోబెట్టారు. వెంటనే అమ్మకు కళ్ళు తిరిగాయి, కనుగుడ్లు లయగా కదిలాయి. ఆయన తలను కొన్ని దిక్కులకు నెమ్మదిగా త్రిప్పి లేవదీశారు. కళ్ళు తిరగడము లోపలి చెవిలో సన్నని ఇసుకరేణువులవంటివి జరిగినందువలన వచ్చినదట. వాటిని తల త్రిప్పి మరల చోటికి చేర్చవచ్చునట. అట్లే రెండవసారి చేసిన తరువాత అమ్మకు ఆ బాధ పోయింది.

దీనిని గమనించండి. ఏ బాధ కొరకు ఫిల్ము తీయించామో ఆ బాధకు కారణము ఫిల్ములో లేదు. ఫిల్ములో కనబడిన తెలుపునకు ఆ బాధతో సంబంధము లేదు. ఒకదాని కొరకు వెదకగా వేరొకటి కనబడింది. ఇట్లు ఎందరికో జరుగుతుంది.

అప్పుడు అమ్మ తన ప్రశ్న తాను అడిగింది. మన ప్రాంతపు పెద్దలకు తెలిసిన తెలుపు కంటిలో వచ్చే శుక్లము. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిలో కెనడా నుండి వచ్చిన డాక్టర్ బెన్ గల్లిసన్ గారు శుక్లములు తీసి ఎందరికో చూపు తెప్పించారు. ఆ పనికి సాయపడడానికే కెనడాలో 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలైనది. అమ్మ చిన్ననాటి నుండి ఆ ఆసుపత్రి పేరు విన్నది. "సోంపేటలో కంట్లో పొర తీసేసినట్టు ఈ తెలుపు కూడా తీసెయ్యరా బాబూ?" అన్నది.

వైద్యుడు దాచలేదు. "ఇది తీసేది కాదమ్మా. సాధారణంగా ఇది పోదు. పెరగకుండా చూసుకొనడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది" అన్నారు.

తేలికగా కొట్టివేయరాదు

ఇంతవరకు చదివి, అయితే ఏమీ ఫరవాలేదన్నమాట అని పుట మూయకండి. అమ్మ ఫిల్ము గ్రేడ్ 2. రక్తపోటు 180/100 ఉన్నది. అది ఎన్నేళ్ళుగా ఉన్నదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆమెకు ఏనాడూ తలనొప్పి కూడా రాలేదు. ఆ చుక్కలు చెబుతున్నది దానిని గురించే. అనేక పరిశోధనలను కలిపి 2010లో ప్రచురించిన ఒక పరిశీలనను బట్టి, ఇట్టి తెలుపు ఉన్నవారికి పక్షవాతము వచ్చే అవకాశము సుమారు మూడు రెట్లు, మతిమరుపు వ్యాధి వచ్చే అవకాశము సుమారు రెండు రెట్లు హెచ్చు. అవకాశము హెచ్చు అనగా తప్పక వచ్చునని కాదు. కాని హెచ్చరిక హెచ్చరికయే.

చేయదగినది ఏమిటి? అమెరికాలో 'స్ప్రింట్' అనే పెద్ద పరిశోధన జరిగింది. అందులో 449 మందికి సుమారు నాలుగేళ్ళ ఎడముతో రెండుసార్లు ఎం.ఆర్.ఐ. తీశారు. పై రక్తపోటు 140 లోపల ఉంచడానికి మందులిచ్చినవారిలో ఆ తెలుపు 1.45 ఘనపు సెంటీమీటర్లు పెరిగింది. 120 లోపల ఉంచడానికి మందులిచ్చినవారిలో 0.92 మాత్రమే పెరిగింది. 2019లో వెలువడిన ఈ లెక్క చిన్నదిగా కనబడవచ్చును. కాని రోజుకు ఒకటి రెండు బిళ్ళలతో మెదడులోని మార్పును నెమ్మదింపజేయవచ్చునని అది చూపింది. ఎవరికి ఎంత ఉండవలెనో వైద్యుడే నిర్ణయించవలెను. ముసలివారిలో ఒక్కసారిగా తగ్గిస్తే లేచినప్పుడు పడిపోయే ప్రమాదమున్నది.

ఉద్దానము వారికి ఇందులో మరొక పాఠమున్నది. మూత్రపిండములకూ మెదడుకూ గుండె నుండి ఎడతెగక ఎక్కువ రక్తము ప్రవహిస్తుంది. రెండింటిలోను రక్తనాళములు మిక్కిలి సన్ననివి. రక్తపోటు ఒకదానిని కొట్టిన చోట రెండవదానిని కూడా కొడుతుంది. మన ప్రాంతపు మూత్రపిండముల వ్యాధి చాలామందిలో షుగరు గాని, మొదట పెద్ద రక్తపోటు గాని లేకుండానే వస్తున్నది. కారణము ఇదమిత్థమని తేలలేదు. కాని మూత్రపిండము దెబ్బతిన్న తరువాత రక్తపోటు పెరుగుతుంది, అది తిరిగి మెదడు మీదికి వస్తుంది.

అమ్మ క్రియాటినిన్ కూడా కొంచెము హెచ్చుగా ఉన్నది. మోకాళ్ళ నొప్పులకని ఊరిలో ఏళ్ళ తరబడి కొనుక్కొని మ్రింగిన నొప్పిబిళ్ళలను వైద్యుడు ఆ రోజే మాన్పించారు. ఎం.ఆర్.ఐ.కి ముందు కొందరికి 'గాడోలినియం' అనే రంగుమందు నరములోకి ఎక్కిస్తారు. మూత్రపిండములు బాగా చెడినవారిలో కొన్ని రకముల గాడోలినియం వలన చర్మము గట్టిపడే తీవ్ర వ్యాధి వచ్చునని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే క్రొత్త రకములలో ఆ భయము చాలా తక్కువ. అయినను మన ప్రాంతము వారు యంత్రము దగ్గరనే తమకు మూత్రపిండముల వ్యాధి ఉన్నదో లేదో చెప్పవలెను. వయస్సుతో వచ్చే ఈ తెల్లచుక్కలను చూడడానికి ఆ రంగుమందు సాధారణముగా అవసరము లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి గనుక మూత్రపిండముల పరీక్ష కొరకు ఇదివరకటివలె దూరము పోనక్కరలేదు.

అమ్మ మార్చుకొన్నవి

బిళ్ళ వేసుకొనడము అమ్మకు కష్టము కాలేదు. ఉప్పుచేప తగ్గించడము కష్టమైనది; సముద్రపు ఒడ్డు మనుష్యులకు ఎండుచేప లేని అన్నము చప్పన. అంతకన్న కష్టమైనది చుట్ట. మన జిల్లా పెద్దమ్మలు చాలామందివలె అమ్మ కూడా నిప్పు నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ పీల్చేది. సంఘములో ఎందరు చెప్పినా మానలేదు. ఫిల్ములోని చుక్కలను చూపించి, పొగాకు కూడా ఈ సన్నని నాళములను పాడుచేస్తుందని వైద్యుడు చెప్పిన రోజు నుండి తగ్గిస్తూ మూడు నెలలలో మానివేసింది.

ఆమెను ఖాళీగా కూర్చుండబెట్టవద్దని కూడా వైద్యుడు గట్టిగా చెప్పారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, ఆమెతో పనిచేసినవారు మతిమరుపు వ్యాధి గల 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన సంగతి ఆయన చెప్పగా మేము ఆశ్చర్యపడ్డాము. రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి, ఒకే భాష మాట్లాడేవారికంటె సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యముగా మొదలైనదట. బడికి వెళ్ళనివారిలో కూడా ఆ తేడా కనబడినదట. అది తెల్లచుక్కలను లెక్కించిన పరిశోధన కాదు. కాని ఒకే విధమైన ఫిల్ము గల ఇద్దరు మనుష్యులు ఒకే విధముగా ఎందుకుండరో అది కొంత తెలియజేస్తుంది. జీవితమంతా మెదడు చేసిన పని ఎక్కడికీ పోదు. ఒక దారి మూసుకొన్నప్పుడు మరొక దారి వెదుకుకొనడానికి అది ఉపయోగపడుతుంది. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే మన సరిహద్దు ఊళ్ళ ముసలమ్మలను చదువులేనివారని ఎవరైనా తీసివేస్తే, ఈ సంగతి చెప్పండి.

విశాఖపట్నము నుండి వచ్చిన సాయంత్రమే తాళాల గుత్తి అమ్మ బొడ్డుకు తిరిగి చేరింది. దాచిన కూతురే తెచ్చి ఇచ్చింది. కొబ్బరితోట కాగితము సంగతి మాత్రము అమ్మ మరచిపోలేదు. మరిది తరువాత పండుగకు వచ్చినప్పుడు అన్నము వడ్డిస్తూ, "ఏలిముద్ర కాగితము తెచ్చినావేటి?" అని అడిగింది. ఆయన తల వంచుకొని నవ్వాడు, అందరమూ నవ్వాము.

ఇప్పటికి రెండేళ్ళు గడిచాయి. అమ్మ అప్పుడప్పుడు పేర్లు తడుముకొంటుంది. అది వయస్సో, చుక్కలో మేము చెప్పలేము. ఆరు నెలలకు ఒకసారి చూపిస్తున్నాము. ఏ లక్షణము క్రొత్తగా రానిదే మరల ఫిల్ము తీయనక్కరలేదని వైద్యుడన్నారు.

పాఠకులారా, మీ ఇంటికి ఇట్టి కాగితము వస్తే కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనండి. రిపోర్టును తీయించమన్న వైద్యుడు చూచేవరకు దానికి అర్థము చెప్పకండి, ఇతరులచేత చెప్పించకండి. పాత ఫిల్ములను పారవేయక దాచండి. క్రొత్తదానితో పోల్చడానికి అవే ఆధారము. రక్తపోటు, షుగరు, క్రియాటినిన్ చూపించండి. బిళ్ళలను బాగున్నదని మానవద్దు. ముఖము ఒక ప్రక్కకు వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా అది చుక్కల సంగతి కాదు, పక్షవాతము. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల అందవలెను. యౌవనస్థులలో చూపు మసకబారడము, ఒక అవయవము తిమ్మిరెక్కడము వంటివి వచ్చి, తెల్లచుక్కలు కూడా కనబడితే ఆలస్యము చేయక నరాల వైద్యునికి చూపించండి.

అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటిలో పెద్దవారి ఎదుట వారిని గురించి, వారు లేనట్లు మాట్లాడకండి. మతి పోకముందే మనిషి చేతిలోని పని, తాళము, మాట లాగివేసుకొంటే, ఏ ఫిల్ములోనూ కనబడని దెబ్బ వారికి తగులుతుంది. ఫిల్ములను సంచిలో పెట్టి భద్రము చేయండి. ఆ తరువాత పెద్దావిడ ప్రక్కన కూర్చుండి, ఈ పూట కూర ఏమి వండుదామని ఆమెనే అడగండి.